అడిగితేనే పుట్టే పేజీ

1991 డిసెంబరు 12న అమెరికాలో మొట్టమొదటి వెబ్ సర్వర్ పని మొదలుపెట్టింది. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే స్లాక్ అనే కణభౌతిక పరిశోధన కేంద్రంలో. దాని మొదటి పేజీలో బొమ్మల్లేవు, రంగుల్లేవు. మూడు లైన్ల అక్షరాలు, రెండు లింకులు. ఒకటి ఆ కేంద్రంలో పనిచేసేవాళ్ల టెలిఫోన్ డైరెక్టరీకి, రెండోది స్పైర్స్ అనే డేటాబేస్‌కి దారి.

ఆ రెండో లింకు దగ్గర కాసేపు ఆగాలి. దాని మీద నొక్కి, ఒక శాస్త్రవేత్త ఇంటిపేరు కొడితే, ఆయన రాసిన పరిశోధన పత్రాల జాబితా తెర మీదికి వచ్చేది. చూడ్డానికి అది మామూలు వెబ్ పేజీయే. కానీ ఆ పేజీ అంతకు ముందు క్షణం వరకూ ఏ కంప్యూటర్లోనూ లేదు. ఎవరూ దాన్ని టైపు చేసి పెట్టలేదు, ఏ ఫైల్లోనూ దాచలేదు. అడిగినవాడు అడిగాడు కాబట్టి పుట్టింది, చదివి మూసేయగానే పోయింది.

ఈరోజు మనం చూసే పేజీల్లో చాలా భాగం ఇలా పుట్టేవే. రైలు టికెట్ పీఎన్‌ఆర్ స్థితి, బ్యాంకు ఖాతాలో మిగిలిన సొమ్ము, హాల్‌టికెట్ నంబరు కొడితే వచ్చే ఇంటర్ మార్కులు, ఇవన్నీ ఎక్కడో డేటాబేస్‌లో అంకెలుగా, పేర్లుగా పడివుంటాయి. అడిగినప్పుడు పేజీగా తయారై వస్తాయి. అటు డేటాబేస్‌కీ ఇటు వెబ్‌కీ మధ్య నిలబడి ఈ పని చేసిపెట్టే ప్రోగ్రామ్‌ని తొలిరోజుల్లో గేట్‌వే అనేవారు. వెబ్ చరిత్రలో బ్రౌజర్లకు దక్కిన పేరులో పదోవంతు కూడా వీటికి దక్కలేదు. నా దృష్టిలో మాత్రం, ప్రపంచం వెబ్ వైపు తిరిగిందంటే అందులో పెద్ద వాటా వీటిదే.

వెబ్ రాకముందే లోకంలో డేటాబేస్‌లకు కొదవ లేదు. స్పైర్స్‌నే తీసుకోండి. స్టాన్‌ఫర్డ్‌లో 1960ల చివర్లో మొదలైన పని అది. భౌతికశాస్త్రంలో ఒక ఆనవాయితీ ఉంది. పత్రిక అచ్చువేసేదాకా ఆగకుండా, రాసిన పత్రం ప్రతులు ముందే తీయించి తోటి పరిశోధకులకు పంపుతారు. వాటిని ప్రీప్రింట్లు అంటారు. ఇవి కట్టలు కట్టలుగా స్లాక్ లైబ్రరీకి వచ్చిపడేవి. వాటిని నమోదు చేసి, కొత్తగా వచ్చినవాటి జాబితాను వారం వారం అందరికీ పంపే పనిని 1969 నుంచి ఆ లైబ్రరీ నెత్తిన వేసుకుంది. అక్కడి లైబ్రేరియన్ లూయీజ్ ఆడిస్ ఈ పనికి ప్రాణం. 1974 నుంచి ఆ వివరాలు కంప్యూటర్లో డేటాబేస్‌గా పెరగసాగాయి. ఎవరు ఏం రాశారు, ఎవరి పత్రాన్ని ఎవరు ఉదహరించారు, అంతా అందులో ఉంది.

లోపల నిధి ఉంది, వాకిలి మాత్రం ఇరుకు. స్పైర్స్ ఉన్నది ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్లో. అందులో ఖాతా ఉన్నవాడే లోపలికి వెళ్లగలడు. వెళ్లాక దాని భాషలోనే అడగాలి. ‘ఫైండ్’ అని కొట్టి, తర్వాత ‘ఎ’ అని కొట్టి, పేరు రాస్తే రచయిత పేరుతో వెతుకుతుంది. ‘టి’ అని కొడితే శీర్షికలో వెతుకుతుంది. 1980ల్లో బిట్‌నెట్ అనే నెట్‌వర్క్ ద్వారా దూరం నుంచి సందేశం పంపి జవాబు తెప్పించుకునే సౌకర్యం వచ్చింది. అది కూడా ఆ భాష నేర్చుకున్నవాళ్లకే.

స్లాక్ భౌతికశాస్త్రవేత్త పాల్ కుంజ్ 1991 సెప్టెంబరులో జెనీవా దగ్గరున్న సెర్న్ అనే కణభౌతిక పరిశోధన కేంద్రానికి వెళ్లాడు. అక్కడ వెబ్‌ని సృష్టించిన టిమ్ బెర్నర్స్‌లీ తన నెక్స్ట్ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వెబ్ చూపించాడు. ఒక పత్రంలోంచి ఇంకో పత్రంలోకి లింకులతో వెళ్లడం చూసి కుంజ్‌కి పెద్దగా ఏమీ అనిపించలేదు. తర్వాత బెర్నర్స్‌లీ ఇంకొకటి చూపించాడు. ఆ నెక్స్ట్ కంప్యూటర్ మీదనుంచే సెర్న్ ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ని ఒక ప్రశ్న అడిగితే, జవాబు వెబ్ పేజీ రూపంలో వచ్చింది. అప్పుడు కుంజ్‌కి స్పైర్స్ గుర్తొచ్చింది. అదీ ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మీదే ఉంది మరి.

తిరిగొచ్చి ఆడిస్‌తో చెప్పాడు. ఆమెకు వెంటనే అర్థమైంది. ఇరవై ఏళ్లుగా తాను కూడబెట్టిన జాబితా, ప్రపంచంలో ఏ మూలనున్న భౌతికశాస్త్రవేత్తకైనా ఖాతా లేకుండా, ఆ మెయిన్‌ఫ్రేమ్ గొడవ తెలియకుండా అందుతుంది. లైబ్రేరియన్‌కి ఇంతకంటే ఏం కావాలి! ఆ డిసెంబరులో సర్వర్ లేచింది. 1992 జనవరిలో దక్షిణ ఫ్రాన్స్‌లోని లా లాండ్ లె మోర్‌లో జరిగిన సదస్సులో బెర్నర్స్‌లీ వెబ్ గురించి మాట్లాడుతూ, అందరి ముందూ కాలిఫోర్నియాలోని స్పైర్స్‌ని ప్రశ్న అడిగి చూపించాడు. కూర్చున్నవాళ్లలో చాలామందికి స్పైర్స్ తెలుసు, అందులోకి వెళ్లడానికి పడే పాట్లూ తెలుసు. వెబ్ అంటే ఏమిటో ఎంతసేపు చెప్పినా తలకెక్కనిది ఆ ఒక్క ప్రదర్శనతో తెలిసిపోయింది.

ఇది కాకతాళీయంగా జరిగింది కాదు. బెర్నర్స్‌లీ 1989 మార్చిలో సెర్న్ అధికారులకిచ్చిన మొదటి ప్రతిపాదనలోనే ఈ ఆలోచన ఉంది. ఇప్పటికే ఉన్న డేటాబేస్‌లను హైపర్‌టెక్స్ట్‌లా, అంటే లింకులతో ముడిపడ్డ పత్రాల్లా కనిపించేటట్టు చేస్తే ఈ వ్యవస్థ త్వరగా నిలదొక్కుకుంటుందని రాశాడు. అలా చూడదగ్గవాటి పట్టికలో టెలిఫోన్ డైరెక్టరీని కూడా చేర్చాడు. మనుషుల నుంచి విభాగాలకూ, భవనాల అంతస్తులకూ లింకులు వేయొచ్చని ఊహించాడు. సెర్న్‌లో వెబ్ నిలబడింది నిజంగానే ఆ ఫోన్ డైరెక్టరీతో. అది మెయిన్‌ఫ్రేమ్‌లో ఉండేది. ఒక్క ఫోన్ నంబరు కోసం అందులోకి లాగిన్ అవ్వాల్సి వచ్చేది. బెర్న్డ్ పోలర్మన్ అనే ఉద్యోగి ఆ మెయిన్‌ఫ్రేమ్ సమాచారాన్ని చూసుకునేవాడు. ఆయన సర్వర్ రాయగానే, ఆ నంబర్ల కోసమే చాలామంది తమ కంప్యూటర్లో వెబ్ తెరిచి ఉంచడం మొదలుపెట్టారు.

ఇక్కడ బెర్నర్స్‌లీ చేసిన తెలివైన పని ఒకటి ఉంది. అంతకుముందు సమాచార వ్యవస్థలు కట్టినవాళ్లు సాధారణంగా ‘మీ సమాచారమంతా మా దాంట్లోకి తెచ్చి పోయండి’ అనేవారు. ఎవరు తెస్తారు? ఇరవై ఏళ్ల కష్టాన్ని పెళ్లగించి కొత్తచోట నాటమంటే ఏ లైబ్రేరియన్ ఒప్పుకుంటుంది? వెబ్ ఎవర్నీ ఊరు విడిచి రమ్మనలేదు. ఎవరి డేటాబేస్ వాళ్ల దగ్గరే ఉంటుంది, వాళ్ల భాషలోనే మాట్లాడుతుంది. గుమ్మం దగ్గర ఒక దుబాసీని మాత్రం నిలబెట్టమంది. కంపెనీ రోజుల్లో చెన్నపట్నంలో తెల్లదొరలకూ మనవాళ్లకూ మధ్య రెండు భాషలొచ్చిన దుబాసీలు ఉండేవారు కదా. ఇటువైపు మాట విని అటువైపు వాళ్ల భాషలో చెప్పి, వాళ్ల జవాబును ఇటు తిప్పి చెప్పేవారు. గేట్‌వే అచ్చంగా అదే కొలువు చేస్తుంది.

ఇటువైపు నుంచి ప్రశ్న ఎలా వస్తుంది? తొలినాళ్ల వెబ్‌లో ఇప్పటిలా పెట్టెలూ బటన్లూ ఉన్న ఫారాలు లేవు. ‘ఇజ్ఇండెక్స్’ అనే చిన్న ట్యాగ్ ఉండేది. పేజీలో అది కనబడితే ‘ఇది వెతకదగ్గ పేజీ’ అని బ్రౌజర్‌కి తెలిసి, మాట కొట్టడానికి చోటిచ్చేది. కొట్టిన మాట ఆ పేజీ చిరునామా చివర ఒక ప్రశ్నార్థకం గుర్తు పెట్టి, దాని తర్వాత అతికేది. రెండు మాటలు కొడితే వాటి మధ్య ఖాళీ బదులు కూడిక గుర్తు పడేది. ప్రశ్నార్థకానికి ముందున్నది ఎవర్ని అడగాలో, తర్వాత ఉన్నది ఏం అడగాలో చెబుతుంది.

ఈ చిన్న ఏర్పాటు గొప్పతనం ఎంత చెప్పినా తక్కువే. వెబ్ చిరునామా అంటే అప్పటిదాకా ఒక ఫైలు ఉండేచోటు. ఇప్పుడు ఒక ప్రశ్నకే చిరునామా వచ్చింది. ప్రశ్నను కాగితమ్మీద రాసుకోవచ్చు, స్నేహితుడికి పంపొచ్చు, ఇంకో పేజీలో లింకుగా పెట్టొచ్చు. ఆరునెలల తర్వాత ఎవరో ఆ లింకు నొక్కితే అదే ప్రశ్న మళ్లీ వెళుతుంది, ఆనాటికి ఉన్న కొత్త జవాబు వస్తుంది.

చిరునామాలో అన్ని అక్షరాలూ చెల్లవు. చెల్లనివాటిని శాతం గుర్తు, దాని వెనక రెండు అక్షరాల సంకేతంగా మార్చి పంపాలి. ఇది మన తెలుగు మీద ఎలా పనిచేస్తుందో ఒకసారి దగ్గరగా చూడండి. వెతికే పెట్టెలో ‘తెలుగు’ అని కొట్టాం. కంటికి మూడక్షరాలు. కంప్యూటర్ లెక్కలో త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం, మొత్తం ఆరు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటీ మూడు బైట్లు. ఒక్కో బైటుకీ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. అంటే ఒక్కదానికి తొమ్మిది, ఆరింటికీ కలిపి 54. మూడక్షరాల మాట వాకిలి దాటేలోపు 54 అక్షరాల దండగా మారి, అవతల గేట్‌వే చేతిలో పడగానే మళ్లీ ‘తెలుగు’ అవుతుంది. వాట్సాప్‌లో ఎవరైనా తెలుగు వికీపీడియా లింకు పంపితే గొలుసులా వచ్చే శాతం గుర్తులు ఇవే.

స్పైర్స్, ఫోన్ డైరెక్టరీ ఒక్కో చోట ఉన్న ఒక్కో డేటాబేస్. కానీ ఆ రోజుల్లో ఇంటర్నెట్ మీద వెతుకులాట కోసమే పుట్టిన పెద్ద వ్యవస్థ ఇంకొకటి ఉంది. పేరు వెయిస్. థింకింగ్ మెషీన్స్ అనే సూపర్ కంప్యూటర్ కంపెనీలో పనిచేసే బ్రూస్టర్ కేల్, యాపిల్, డౌ జోన్స్, కేపీఎంజీ సంస్థలతో కలిసి దీన్ని నిర్మించాడు. 1991లో దాని ప్రోగ్రామ్‌లను ఉచితంగా ఇచ్చారు. ఎవరైనా తమ ఫైళ్లను సూచికలుగా మార్చుకుని వెయిస్ సర్వర్ నడుపుకోవచ్చు. మామూలు మాటల్లో ప్రశ్న అడిగితే, దానికి ఏ పత్రం ఎంత దగ్గరగా ఉందో మార్కులు వేసి వరసలో ఇస్తుంది. మొదటి పత్రానికి 1000 మార్కులు, మిగతావి దానికి దిగువన. ఇవాళ మనం వెతుకుడు ఫలితాల్లో పైనున్నదాన్నే నొక్కే అలవాటుకి ఇలాంటి వ్యవస్థలే పూర్వీకులు.

వెయిస్ మాట్లాడేది లైబ్రరీల భాష. జెడ్39.50 అని దాని పేరు. ఒక లైబ్రరీ కంప్యూటర్ ఇంకో లైబ్రరీ కేటలాగులో వెతకడానికి అమెరికాలో 1988లో ఖాయమైన ప్రమాణం అది. వెయిస్ వాడాలంటే దాని కోసమే రాసిన ప్రోగ్రామ్ మీ కంప్యూటర్లో ఉండాలి. సెర్న్ బృందం వెబ్‌కీ వెయిస్‌కీ మధ్య గేట్‌వే రాసింది. దాంతో ఏ వెబ్ బ్రౌజర్ ఉన్నా చాలు, వెయిస్ ప్రపంచమంతా అందింది. తర్వాత తమ సైటులోని పేజీలను వెతికించడానికి చాలామంది వెయిస్‌నే పెట్టుకున్నారు. టోనీ శాండర్స్ పెర్ల్ భాషలో రాసిన ‘వెయిస్ డాట్ పీఎల్’ అనే చిన్న గేట్‌వే అందరి చేతుల్లోకీ వెళ్లింది. దాన్ని మెరుగుపరచి ఇంకొకరు ‘సన్ ఆఫ్ వెయిస్’ రాశారు, ఆపైన మరొకరు ‘కిడ్ ఆఫ్ వెయిస్’ రాశారు. తండ్రి, కొడుకు, మనవడు, వంశం అలా సాగింది. ఒకరి కోడ్ తీసుకుని ఇంకొకరు సరిచేసి మళ్లీ అందరికీ ఇచ్చేయడం అప్పటి రివాజు.

లైబ్రరీ భాషను వెబ్ భాషలోకి మార్చేటప్పుడు దుబాసీకి అసలైన తలనొప్పి ఒకటి ఎదురయ్యేది. జెడ్39.50 అసలు పద్ధతిలో సంభాషణ పట్టుకుని కూర్చుంటుంది. ‘వేమన మీద పుస్తకాలున్నాయా?’ అంటే ‘ఉన్నాయి, నలభై’ అంటుంది. ‘వాటిలో మొదటి పది ఇవ్వు’ అంటే ఇస్తుంది. ‘తర్వాతి పది’ అంటే దేని తర్వాతో దానికి గుర్తుంటుంది. వెబ్‌కి ఆ జ్ఞాపకం లేదు. ఒక ప్రశ్న, ఒక జవాబు, అక్కడితో సరి. రెండోసారి వెళ్లి ‘తర్వాతి పది’ అంటే ‘ఎవరు మీరు? ఏ పది?’ అన్నట్టే ఉంటుంది. అందుకని గేట్‌వేలే ఆ జ్ఞాపకాన్ని మోయాల్సి వచ్చింది. కొన్ని అడిగిన ప్రశ్ననంతా ప్రతి లింకులోనూ మళ్లీ రాసిపెట్టి, నొక్కిన ప్రతిసారీ మొదటినుంచి వెతికేవి. కొన్ని లైబ్రరీతో సంభాషణ తెగకుండా పట్టుకుని, మనకు ఒక టోకెన్ నంబరు ఇచ్చి, అది చూపిస్తే పాత సంభాషణలో కలిపేవి. బ్యాంకు సైటు కాసేపు ముట్టుకోకపోతే ‘సెషన్ ముగిసింది’ అంటుందే, ఆ సెషన్ అనే తంతు అంతా వెబ్ మతిమరుపును కప్పడానికి కట్టుకున్నదే.

1993 నాటికి వెబ్ సర్వర్ ప్రోగ్రామ్‌లు నాలుగైదు వచ్చాయి. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ అనే పరిశోధన కేంద్రంలో రాబ్ మెక్‌కూల్ అనే విద్యార్థి రాసినది ఒకటి, సెర్న్‌ది ఒకటి, టోనీ శాండర్స్ రాసిన ప్లెక్సస్ ఒకటి, జాన్ ఫ్రాంక్స్ రాసిన జీఎన్ ఒకటి. గేట్‌వేని పిలిచే పద్ధతి ఒక్కో దాంట్లో ఒక్కో తీరు. ఒక సర్వర్ కోసం రాసిన గేట్‌వే ఇంకో సర్వర్‌కి పనికిరాదు. డేటాబేస్‌లు వందలు, సర్వర్లు నాలుగు రకాలు. ప్రతి జతకీ ఒక దుబాసీని వెతుక్కోవాలంటే ఎవరి తరం? ఈ సర్వర్లు రాసినవాళ్లే మాట్లాడుకుని 1993 చివర్లో ఒక ఒప్పందానికొచ్చారు. మెక్‌కూల్ దాన్ని అక్షరాల్లో పెట్టాడు. అదే సీజీఐ. మధ్యలో ఉన్న ‘జీ’ అంటే గేట్‌వేనే. అందరికీ ఒకే రకం గేట్‌వే ఏర్పాటు అని దాని అర్థం.

ఆ ఒప్పందం ఎంత తేలికైనదో చూస్తే ముచ్చటేస్తుంది. సర్వర్‌లో సీజీఐ-బిన్ అనే ఫోల్డర్ ఉంటుంది. మామూలు ఫోల్డర్లోని ఫైలు అడిగితే సర్వర్ దాన్ని ఉన్నదున్నట్టు పంపేస్తుంది. ఈ ఫోల్డర్లోని ఫైలు అడిగితే మాత్రం దాన్ని పంపదు, ప్రోగ్రామ్‌గా నడుపుతుంది. నడిపేముందు ప్రశ్నార్థకం తర్వాత ఉన్న భాగాన్ని ‘క్వెరీ స్ట్రింగ్’ అనే పేరుతో ఒకచోట రాసిపెడుతుంది. అడుగుతున్న కంప్యూటర్ చిరునామా, అడిగిన పద్ధతి, ఇలాంటివి కూడా ఒక్కో పేరుతో పక్కన పెడుతుంది. ఫారం నింపి పంపిన పెద్ద సమాచారమైతే, కీబోర్డ్ మీద ఎవరో కొడుతున్నట్టుగా ప్రోగ్రామ్‌కి అందిస్తుంది. ప్రోగ్రామ్ అవన్నీ చదివి, డేటాబేస్‌ని అడిగి, జవాబును తెర మీద అచ్చువేస్తున్నట్టుగా అచ్చువేస్తుంది. ఆ అచ్చును సర్వర్ పట్టుకుని బ్రౌజర్‌కి పంపుతుంది. అంతే ఒప్పందం. సీ అయినా, పెర్ల్ అయినా, షెల్ స్క్రిప్టు అయినా, చదవడం, అచ్చువేయడం వస్తే చాలు. కంప్యూటర్ నేర్చుకునేవాడు మొదటిరోజు నేర్చేవి ఆ రెండే కదా.

జవాబు మొదటి లైనులో అది ఏ రకం సమాచారమో చెప్పాలి, తర్వాత ఒక ఖాళీ లైను వదలాలి, ఆ తర్వాత పేజీ. ఆ ఖాళీ లైను వదలకపోతే ఎక్కడ చిరునామా అయిపోయిందో, ఎక్కడ ఉత్తరం మొదలైందో సర్వర్‌కి తెలియదు. ‘500 ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్’ అని చేతులెత్తేస్తుంది. నేను మొదటిసారి పెర్ల్‌లో స్క్రిప్టు రాసినప్పుడు ఒక పూటంతా ఆ అయిదొందల దగ్గరే గడిచింది. తప్పు లెక్కల్లో ఉందని వెతికాను, డేటాబేస్‌లో ఉందని వెతికాను. ఒక ఖాళీ లైను పెట్టగానే నా పేరుతో సహా పేజీ తెర మీద నిలిచింది. ఆ ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

ఇంత సులువు కావడంతో గేట్‌వేలు వెల్లువెత్తాయి. అదే ఏడాది ఎన్‌సీఎస్‌ఏ వాళ్ల మొజాయిక్ బ్రౌజర్‌లో ఫారాలు నింపే సౌకర్యం వచ్చింది. ఎస్‌క్యూఎల్ అనే ప్రశ్నల భాష వాడే డేటాబేస్‌లకు గేట్‌వేగా ఎన్‌సీఎస్‌ఏలోనే జీఎస్‌క్యూఎల్ తయారైంది. బ్రిటన్‌లో కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో రాబ్ హార్టిల్ సినిమాల డేటాబేస్‌కి 1993లో వెబ్ గేట్‌వే పెట్టాడు. అభిమానులు ఏళ్ల తరబడి పోగేసిన నటీనటుల జాబితాలు అప్పటిదాకా ఫైళ్లుగా దింపుకుని, సొంత కంప్యూటర్లో వెతుక్కోవాల్సిందే. గేట్‌వే రాగానే పేరు కొట్టి చూసేయొచ్చు. ఈరోజు ఐఎమ్‌డీబీ అని మనం చూసేది దాని ఎదిగిన రూపమే. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ కూడా జెడ్39.50 గేట్‌వే పెట్టి, తనదే కాక ఇతర లైబ్రరీల కేటలాగులనూ వెబ్ నుంచి వెతికే వీలు కల్పించింది.

ఇక ఈ కథలో చీకటి కోణం. వాకిట్లో నిలబడ్డవాడు ముక్కూమొహం తెలియనివాడు. వాడు చెప్పిన మాటను లోపలికి మోసుకెళ్లేవాడు ఆ మాటలో ఏముందో చూడకపోతే? ఇది జరిగింది, అదీ ఒక ఫోన్ డైరెక్టరీ గేట్‌వేతోనే.

ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పీహెచ్ అనే ఫోన్ డైరెక్టరీ వ్యవస్థ ఉండేది. చాలా విశ్వవిద్యాలయాలు దాన్నే వాడేవి. దానికి వెబ్ నుంచి వెతికే గేట్‌వే పేరు పీహెచ్ఎఫ్. నమూనాగా ఉంటుందని దాన్ని ఎన్‌సీఎస్‌ఏ సర్వర్‌తోనూ, దాని నుంచి పుట్టిన అపాచీ సర్వర్‌తోనూ కలిపి ఇచ్చేవారు. సర్వర్ పెట్టుకున్న ప్రతివాళ్ల కంప్యూటర్లోకీ అది వచ్చి కూర్చునేది, వాళ్లకు ఫోన్ డైరెక్టరీ ఉన్నా లేకపోయినా.

పీహెచ్ఎఫ్ చేసే పని ఇది. మీరు కొట్టిన పేరు తీసుకుని, ‘పీహెచ్’ అనే ఆజ్ఞ పక్కన దాన్ని రాసి, ఆ లైనును ఆజ్ఞలు నడిపే యూనిక్స్ షెల్‌కి అప్పజెప్పి నడపమంటుంది. షెల్‌కి కొన్ని గుర్తులంటే ప్రత్యేకమైన అర్థాలున్నాయి. సెమికోలన్ పెడితే ఒక ఆజ్ఞ అయిపోయి ఇంకోటి మొదలైందనుకుంటుంది. ఈ సంగతి ఆ కోడ్ రాసినవాళ్లకు తెలుసు. అలాంటి గుర్తులు కనబడితే వాటి శక్తి తీసేసేలా ఒక చిన్న భాగం రాశారు. ప్రమాదకరమైన గుర్తుల పట్టిక ఒకటి వేసుకుని, పేరులో అవి ఉంటే ముందు ఒక ఏటవాలు గీత పెట్టారు. ఆ పట్టికలో ఒక్కటి మర్చిపోయారు. కొత్త లైను గుర్తు. కీబోర్డ్ మీద ఎంటర్ నొక్కితే పడేది.

సెమికోలన్‌లాగే కొత్త లైను కూడా షెల్‌కి ‘ఈ ఆజ్ఞ అయిపోయింది’ అనే చెబుతుంది. దొంగలు పేరు కొట్టాల్సిన చోట ఏదో ఒక మాట రాసి, శాతం గుర్తు, సున్నా, ‘ఎ’ అనే అక్షరం, అంటే కొత్త లైను సంకేతం పెట్టి, దాని తర్వాత పాస్‌వర్డ్‌ల ఫైలును చూపించమనే ఆజ్ఞ రాశారు. లైబ్రరీ కౌంటర్లో పుస్తకం పేరు రాసే చీటీ మీద రెండో లైనులో ‘బీరువా తాళంచెవులు కూడా ఇచ్చి పంపండి’ అని రాసిస్తే, అటెండరు చీటీలోని రెండు లైన్లూ పూర్తిగా పాటించినట్టు. పాస్‌వర్డ్‌ల ఫైలు చక్కటి వెబ్ పేజీగా దొంగ తెర మీద ప్రత్యక్షమైంది. 1996 మార్చిలో కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్ దీనిమీద హెచ్చరిక జారీ చేసింది. సీజీఐ-బిన్‌లో పీహెచ్ఎఫ్ ఉందేమో చూసి తీసేయమంది. అయినా ఏళ్ల తరబడి ఎక్కడో ఒకచోట అది పడి ఉండేది, దానికోసం తడిమి చూసే దొంగల అడుగుజాడలు సర్వర్ల లాగ్ ఫైళ్లలో పడుతూనే ఉండేవి.

పట్టికలో ఒక్క గుర్తు తప్పిపోవడం చిన్న పొరపాటుగా అనిపించొచ్చు. నాకైతే తప్పు ఆ పట్టిక వేసుకోవడంలోనే కనిపిస్తుంది. చెడ్డవాటిని ఏరిపారేయాలనుకుంటే ఏదో ఒకటి మిగిలిపోతుంది. పేరంటే అక్షరాలు, ఖాళీలు, చుక్కలు మాత్రమే అని మంచివాటికే పట్టిక వేసి, మిగిలిన దేన్నీ గుమ్మం దాటనివ్వకపోతే కొత్త లైను తనంతట తానే బయట ఆగిపోయేది. అసలు బయటివాడి మాటను షెల్ చేతికివ్వాల్సిన పనే లేదు, నేరుగా ప్రోగ్రామ్‌కి పేరుగా ఇవ్వొచ్చు. ఇప్పుడు ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అని పిలిచే దాడుల వెనక ఉన్నదీ ఇదే లోపం. అడిగినవాడి మాటకూ తాను ఇచ్చే ఆజ్ఞకూ మధ్య గీత చెరిగిపోవడం.

సీజీఐకి ఇంకో బలహీనత ఉంది, అది వేగం. ఒక్కో ప్రశ్నకీ ప్రోగ్రామ్ కొత్తగా మొదలై, పని చేసి, చచ్చిపోతుంది. పెర్ల్‌లో రాసిందైతే ప్రతిసారీ పెర్ల్ మొత్తం లేచి, స్క్రిప్టు చదువుకుని, డేటాబేస్‌తో కొత్తగా పరిచయం చేసుకోవాలి. రోజుకు వెయ్యిమంది వస్తే ఫరవాలేదు. నిమిషానికి వెయ్యిమంది వస్తే సర్వర్ చతికిలబడుతుంది. అందుకే 1996లో ఫాస్ట్‌సీజీఐ వచ్చింది, పెర్ల్‌ని అపాచీ సర్వర్ లోపలే కూర్చోబెట్టే మాడ్‌పెర్ల్ వచ్చింది. రాస్మస్ లెర్డార్ఫ్ తన సైటు కోసం సీ భాషలో రాసుకున్న సీజీఐ ప్రోగ్రామ్‌లు 1995లో బయటికొచ్చి పీహెచ్‌పీగా ఎదిగాయి. దుబాసీ గుమ్మం దగ్గర నుంచి ఇంట్లోకి మారాడు. రానురాను వెబ్ సర్వరంటేనే డేటాబేస్‌తో మాట్లాడేదని అర్థం స్థిరపడి, గేట్‌వే అన్న మాట ఆ అర్థంలో వినబడటం తగ్గిపోయింది. సీజీఐ నిబంధనలు మాత్రం పుట్టిన పదేళ్లకు పైగా అయ్యాక, 2004 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 3875 పేరుతో పద్ధతిగా నమోదయ్యాయి. అప్పటికి ప్రపంచమంతా వాటిని వాడుకుని, వాటిని దాటి కూడా వెళ్లిపోయింది.

వెయిస్ కథ వేరేలా ముగిసింది. కేల్ దానికోసం పెట్టిన కంపెనీని 1995లో ఏఓఎల్ కొనుక్కుంది. మరుసటి ఏడాది ఆయన ఇంటర్నెట్ ఆర్కైవ్ స్థాపించాడు. మనకు పాత తెలుగు పుస్తకాల స్కాన్లు దొరికే చోట్లలో అదొకటి.

మరి స్పైర్స్? మెయిన్‌ఫ్రేమ్‌లు మారాయి, వెబ్ పెరిగింది, స్పైర్స్ మాత్రం ఆ లోపలి గదిలోనే పాత భాష మాట్లాడుతూ చాలా ఏళ్లు బతికింది. చివరికి సెర్న్, స్లాక్, ఫెర్మీల్యాబ్, జర్మనీలోని డేజీ పరిశోధన కేంద్రాలు కలిసి దాని సమాచారాన్నంతా ఇన్‌స్పైర్ అనే కొత్త వ్యవస్థలోకి తెచ్చాయి. 2012 నాటికి స్పైర్స్ సెలవు తీసుకుంది. అప్పటికి దాన్ని వాడే భౌతికశాస్త్రవేత్తల వేళ్లకు ‘ఫైండ్ ఎ’ అని కొట్టడం అలవాటైపోయింది. అందుకని ఇన్‌స్పైర్ కట్టినవాళ్లు లోపల సరికొత్త వెతుకుడు యంత్రం పెట్టుకుని, దాని ముందు ఒక చిన్న ప్రోగ్రామ్‌ని నిలబెట్టారు. ఇప్పుడు కూడా ఇన్‌స్పైర్ తెరిచి, పాత పద్ధతిలో ‘ఫైండ్’, ఒక ఖాళీ, ‘ఎ’, ఇంకో ఖాళీ, తర్వాత ఎవరిదైనా ఇంటిపేరు కొట్టి చూడండి. ఆ ప్రోగ్రామ్ 1970ల నాటి మాటను విని, ఇప్పటి భాషలోకి మార్చి లోపల అడిగి, ఆ పత్రాల జాబితాతో ఒక పేజీ తయారుచేసి ఇస్తుంది.